ట్రూత్ టేబుల్ చెప్పని సంగతి: టైమింగ్ డయాగ్రమ్ చదవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో టైమింగ్ డయాగ్రమ్స్ గురించి మాట్లాడుకుందాం. డిప్లొమా చేసినా, బీటెక్ చేసినా ఈ బొమ్మ మీరు ఒక్కసారైనా గీసే ఉంటారు. పైన క్లాక్, దాని కింద డీ, దాని కింద క్యూ. స్కేలు పెట్టి నీట్‌గా గీస్తాం, మార్కులు పడతాయి, అక్కడితో మర్చిపోతాం. కానీ నిజంగా ఒక సర్క్యూట్ పని చేయించాల్సి వచ్చినప్పుడు మనకి మిగతా అన్నిటికంటే ఎక్కువ అవసరం పడేది ఈ బొమ్మే.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, సెన్సర్ కొన్నాను, వైర్లు కరెక్ట్‌గానే పెట్టాను, నెట్‌లో దొరికిన కోడే వేశాను. టెంపరేచర్ రావాల్సిన చోట 'నాన్' అని వస్తోంది. ఏం చేయాలి?" మామూలుగా అయితే ఇంకో కోడ్ వెతుకుతారు. అదీ పనిచేయకపోతే ఇంకో సెన్సర్ కొంటారు. అప్పటికీ కాకపోతే, రెడీమేడ్ ప్రాజెక్టు డబ్బులిచ్చి తెచ్చుకుంటారు. వైవాలో మాత్రం "ఇది ఎలా పనిచేస్తోంది?" అని అడిగితే నోరు పెగలదు. సెన్సర్ డేటాషీట్‌లో ఉన్న ఒక్క బొమ్మ చదవగలిగితే ఈ చుట్టూ తిరుగుడు సగం తగ్గిపోతుంది. అందుకే ఈ ఎపిసోడ్. ఒక నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి. నేను చెప్తుంటే మీరు గీయాలి. చూస్తే రాదు, గీస్తేనే వస్తుంది.

ముందు అసలు ఈ బొమ్మ అవసరం ఏంటో చూద్దాం. ఒక యాండ్ గేట్ గీయండి. దాని మొదటి ఇన్‌పుట్‌కి ఏ అనే సిగ్నల్ ఇవ్వండి. అదే ఏని ఒక నాట్ గేట్‌లోంచి పంపి రెండో ఇన్‌పుట్‌కి ఇవ్వండి. ఇప్పుడు ట్రూత్ టేబుల్ రాయండి. ఏ సున్నా అయితే సున్నా, ఒకటి. అవుట్‌పుట్ సున్నా. ఏ ఒకటి అయితే ఒకటి, సున్నా. మళ్ళీ సున్నానే. అంటే అవుట్‌పుట్ ఎప్పటికీ సున్నానే. ట్రూత్ టేబుల్ తీర్పు అయిపోయింది.

ఇప్పుడు దీన్నే టైమింగ్ డయాగ్రమ్‌గా గీద్దాం. ఏ గేటూ తక్షణం స్పందించదు, కొంచెం టైమ్ తీసుకుంటుంది. మన నాట్ గేట్‌కి 10 నానోసెకన్లు పడుతుంది అనుకుందాం. ఏ కింద నుంచి పైకి లేచింది. యాండ్ గేట్ మొదటి ఇన్‌పుట్‌కి ఆ ఒకటి వెంటనే అందింది. నాట్ గేట్ మాత్రం ఇంకా పాత అవుట్‌పుటే, అంటే ఒకటే, ఇస్తోంది. 10 నానోసెకన్ల తర్వాత గానీ సున్నాకి రాదు. ఆ 10 నానోసెకన్లూ యాండ్ గేట్‌కి రెండు వైపులా ఒకటే కనిపిస్తుంది. ఫలితం, అవుట్‌పుట్‌లో ఒక సన్నని పల్స్. దీన్నే గ్లిచ్ అంటాం. "ఎప్పటికీ సున్నా" అన్న చోట 10 నానోసెకన్ల పాటు ఒకటి వచ్చేసింది!

10 నానోసెకన్లే కదా, పోతే పోనీ అనుకోకండి. ఆ అవుట్‌పుట్‌ని తీసుకెళ్ళి ఒక ఫాస్ట్ కౌంటర్ క్లాక్ పిన్‌కి కలిపామనుకోండి. కౌంటర్ దాన్ని నిజం పల్స్ అనే అనుకోవచ్చు, ఒకటి ఎక్కువ లెక్కపెట్టొచ్చు. మీరు లాజిక్ వందసార్లు చెక్ చేసుకున్నా తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు లాజిక్‌లో లేదు, టైమ్‌లో ఉంది. ట్రూత్ టేబుల్ "ఏమవుతుంది" అని చెబుతుంది. "ఎప్పుడవుతుంది" అని చెప్పేది టైమింగ్ డయాగ్రమ్. ఇది బాగా గుర్తు పెట్టుకోండి.

సరే, ఇప్పుడు బొమ్మ చదవడానికి వద్దాం. టైమ్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఒక్కో వైర్‌కీ ఒక్కో వరుస. గీత పైనుంటే హై, కిందుంటే లో. ఇంతవరకు అందరికీ తెలుసు. డేటాషీట్‌లో కనిపించే మిగతా గుర్తులు చూసే చాలామంది భయపడతారు. అవి ఐదే.

మొదటిది, ఒకే వరుసలో పైనా కిందా రెండు గీతలు సమాంతరంగా వెళ్ళి, మధ్యలో ఇంటూ మార్కులా క్రాస్ అవుతాయి. "ఇక్కడ విలువ సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు, ఏదైనా పర్లేదు. కానీ క్రాస్ దగ్గర మారుతుంది, ఆ తర్వాత నిలకడగా ఉంటుంది" అని అర్థం. రెండోది, అడ్డగీతలతో నింపిన భాగం. "ఇక్కడ ఏముందో పట్టించుకోవద్దు, నమ్మొద్దు" అని అర్థం. మూడోది, హైకీ లోకీ నడిమధ్యలో ఉండే గీత. ఆ వైర్‌ని ఆ సమయంలో ఎవరూ డ్రైవ్ చేయడం లేదు, వదిలేశారు అని. నాలుగోది, సిగ్నల్ పేరు మీద ఒక అడ్డ గీత. ఆ సిగ్నల్ లో అయినప్పుడే పని జరుగుతుంది, అంటే యాక్టివ్ లో. ఐదోది, గీత మధ్యలో చిన్న మెలిక పెట్టి తెంచినట్టు ఉండటం. అక్కడ కొంత టైమ్ బొమ్మలోంచి కోసేశారు అని.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ బొమ్మలు చాలావరకు స్కేలుకి గీయరు. బొమ్మలో రెండు ముక్కలు ఒకే పొడవు కనిపించొచ్చు, కానీ ఒకటి ఇంకోదానికంటే రెండు వందల రెట్లు ఎక్కువ ఉండొచ్చు. అందుకే బొమ్మ పక్కన టేబుల్ ఉంటుంది. మినిమమ్, టిపికల్, మాగ్జిమమ్ అని మూడు కాలమ్స్. నేను ఎప్పుడూ ఆ టేబుల్ చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ నంబర్ నేను పాటించాల్సిన రూలా, లేక చిప్ నాకు ఇస్తున్న మాటా? ఉదాహరణకి సెటప్ టైమ్ మినిమమ్ అని ఉంటే అది నా బాధ్యత, అంతకంటే తక్కువ ఇవ్వకూడదు. ప్రాపగేషన్ డిలే మాగ్జిమమ్ అని ఉంటే అది చిప్ హామీ, అంతకంటే ఆలస్యం చేయను అంటోంది. ఈ తేడా తెలిస్తే టేబుల్‌లో సగం అర్థమైపోయినట్టే.

ఇప్పుడు ఇంట్లో ఉన్న వస్తువుతోనే ఒక ప్రయోగం. టీవీ రిమోట్ తీసుకోండి. ఫోన్ ఫ్రంట్ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముందున్న ఎల్‌ఈడీని దానికి చూపించి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు వెలుగు మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. అది మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. మరి ఆ మినుకులో "వాల్యూమ్ పెంచు" అనే మాట ఎక్కడుంది? కెమెరాకి అది దొరకదు. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. రిమోట్ పంపే మొత్తం మెసేజ్ సుమారు రెండు ఫ్రేముల్లో అయిపోతుంది.

చాలా రిమోట్లు వాడే ఎన్‌ఈసీ ప్రోటోకాల్ బొమ్మ గీద్దాం. ముందు 9 మిల్లీసెకన్లు వెలుగు. తర్వాత 4.5 మిల్లీసెకన్లు ఖాళీ. ఇది "వినండి, మొదలుపెడుతున్నా" అని పిలుపు. ఆ తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్ మొదట్లో 562.5 మైక్రోసెకన్ల వెలుగు ఉంటుంది. ఆ వెలుగు అన్ని బిట్లకీ ఒకటే. తేడా అంతా దాని తర్వాత వచ్చే ఖాళీలో. ఖాళీ కూడా 562.5 మైక్రోసెకన్లే ఉంటే ఆ బిట్ సున్నా. ఖాళీ మూడు రెట్లు, అంటే 1.6875 మిల్లీసెకన్లు ఉంటే ఆ బిట్ ఒకటి. చూశారా, సమాచారం వెలుగులో లేదు, ఖాళీ ఎంతసేపు ఉందన్న దాంట్లో ఉంది. ఇది ట్రూత్ టేబుల్‌లో రాయలేం. టైమ్ గీస్తేనే కనపడుతుంది.

ఇంకో అందమైన విషయం. 32 బిట్లలో ముందు 8 అడ్రస్, తర్వాత 8 అదే అడ్రస్ తలకిందులుగా. తర్వాత 8 కమాండ్, ఆఖరి 8 అదే కమాండ్ తలకిందులుగా. సున్నా ఉన్న చోట ఒకటి, ఒకటి ఉన్న చోట సున్నా. దీనివల్ల తప్పు వస్తే టీవీకి తెలిసిపోతుంది. దాంతోపాటు ఇంకో లాభం. ఏ బటన్ నొక్కినా మొత్తం మీద 16 సున్నాలు, 16 ఒకట్లే ఉంటాయి. లెక్క చూడండి. సున్నాకి 1.125 మిల్లీసెకన్లు, ఒకటికి 2.25. పదహారేసి చొప్పున 18, 36. మొత్తం 54. ముందున్న 13.5 కలిపితే 67.5 మిల్లీసెకన్లు. ఏ బటన్‌కైనా మెసేజ్ నిడివి ఇంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక. రిమోట్ ఆ వెలుగుని కూడా తిన్నగా వెలిగించి ఉంచదు. సెకనుకి 38 వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. టీఎస్‌ఓపీ 1738 లాంటి రిసీవర్ ఆ 38 కిలోహెర్ట్జ్‌ని వడగట్టి మనకి శుభ్రమైన పల్స్ ఇస్తుంది. కానీ తలకిందులుగా! వెలుగు ఉన్నప్పుడు లో, ఖాళీగా ఉన్నప్పుడు హై. పుస్తకంలో బొమ్మ ఒకలా, మన పిన్ మీద ఇంకోలా కనిపిస్తే కంగారు పడొద్దు. అది యాక్టివ్ లో అవుట్‌పుట్, అంతే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన "నాన్" సమస్యకి వద్దాం. ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే డీహెచ్‌టీ 11 సెన్సర్ తీసుకుందాం. డేటాకి ఒకే వైర్. ఆ వైర్ మీద మైక్రోకంట్రోలర్, సెన్సర్ ఇద్దరూ మాట్లాడాలి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పేది టైమింగ్ డయాగ్రమే.

గీయండి. లైన్ మామూలుగా హైలో ఉంటుంది. ముందు మనం దాన్ని కనీసం 18 మిల్లీసెకన్లు లో చేయాలి. ఇది మనం పాటించాల్సిన రూల్. తర్వాత వదిలేయాలి. 20 నుంచి 40 మైక్రోసెకన్లలో సెన్సర్ స్పందిస్తుంది. 80 మైక్రోసెకన్లు లో, 80 మైక్రోసెకన్లు హై. "ఉన్నాను, వింటున్నాను" అని. ఇక్కడే స్కేలు సంగతి గమనించండి. 18 మిల్లీసెకన్లు అంటే 80 మైక్రోసెకన్లకి 225 రెట్లు. డేటాషీట్ బొమ్మలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి.

ఆ తర్వాత 40 బిట్లు వస్తాయి. ప్రతి బిట్ ముందు 50 మైక్రోసెకన్లు లో. తర్వాత హై. ఆ హై 26 నుంచి 28 మైక్రోసెకన్లు ఉంటే సున్నా. 70 మైక్రోసెకన్లు ఉంటే ఒకటి. మరి కోడ్‌లో ఎలా చదవాలి? బొమ్మే చెబుతుంది. లైన్ పైకి లేవగానే 40 మైక్రోసెకన్లు ఆగి చూడండి. లైన్ అప్పటికే కిందికి దిగిపోతే అది సున్నా. ఇంకా పైనే ఉంటే ఒకటి. 40 ఎందుకు? 28కీ 70కీ మధ్యలో, రెండు వైపులా కాస్త చోటు ఉండేలా ఎంచుకున్నది. నెట్‌లో దొరికే కొన్ని కోడ్‌లలో ఏదో మంత్రంలా కనిపించే నంబర్ వెనక ఉన్న కారణం ఇదే.

ఇప్పుడు ఎక్కడ చెడుతుందో చూద్దాం. ఒక్కో బిట్ సుమారు 78 నుంచి 120 మైక్రోసెకన్లు. ఈ 40 బిట్లు చదివే లూప్ మధ్యలో ఎవరైనా ఒక మిల్లీసెకను డిలే పెట్టారనుకోండి. ఆ ఒక్క లైన్‌తో 8 నుంచి 12 బిట్లు మన ముందునుంచే వెళ్ళిపోతాయి. ఇంటరప్ట్ వచ్చి ప్రాసెసర్ 60 మైక్రోసెకన్లు పక్కకి వెళ్ళినా సరే, ఒక సున్నా ఒకటిగా కనిపించొచ్చు, లేదా ఒక బిట్టే జారిపోవచ్చు. వైరింగ్ కరెక్టే, లాజిక్ కరెక్టే, సెన్సర్ కూడా మంచిదే. అయినా రీడింగ్ తప్పు. అలాగే సెన్సర్‌ని అడిగిన వెంటనే మళ్ళీ అడగకూడదు, కనీసం ఒక సెకను గ్యాప్ ఇవ్వాలి. అదీ టైమింగ్ రూలే.

తప్పు పట్టుకునే దారి కూడా ఆ 40 బిట్లలోనే ఉంది. ఉదాహరణకి తేమ 53, ఉష్ణోగ్రత 24 అనుకోండి. దశాంశం బైట్లు సున్నా. నాలుగూ కూడితే 77. సెన్సర్ ఆఖరి 8 బిట్లలో పంపేది ఆ 77నే, అంటే 01001101. మీరు చదివిన నాలుగు బైట్ల మొత్తం దాంతో కలవకపోతే ఆ రీడింగ్ పారేయాలి. లైబ్రరీ "నాన్" ఇవ్వడం అంటే చాలాసార్లు "నాకు సమాధానం అందలేదు, లేదా అందింది నమ్మేలా లేదు" అని నిజాయితీగా చెప్పడమే. ఇక మీరు వెతకాల్సింది కొత్త కోడ్ కాదు, పాత కోడ్‌లో టైమ్ ఎక్కడ పోతోంది అని.

ఇంతవరకు క్లాక్ లేని సిగ్నల్స్ చూశాం. ఇప్పుడు క్లాక్ ఉన్న చోటికి వెళ్దాం. చిప్ డిజైన్ ఉద్యోగాలకి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూకి వెళ్తే తప్పకుండా ఎదురయ్యే టాపిక్ ఇది. సెటప్ టైమ్, హోల్డ్ టైమ్.

పెళ్ళిలో గ్రూప్ ఫొటో ఊహించుకోండి. ఫొటోగ్రాఫర్ క్లిక్ కొట్టే ముందే మీరు వచ్చి కదలకుండా నిలబడాలి. క్లిక్ అయ్యాక కూడా ఒక్క క్షణం అలాగే ఉండాలి. ముందే కదిలితే ముఖం చెదిరిపోతుంది. ఫ్లిప్‌ఫ్లాప్‌కి క్లాక్ ఎడ్జ్ అంటే ఆ క్లిక్. ఎడ్జ్‌కి ముందు డేటా ఎంతసేపు నిలకడగా ఉండాలో అది సెటప్ టైమ్. ఎడ్జ్ తర్వాత ఎంతసేపు ఉండాలో అది హోల్డ్ టైమ్. ఈ కిటికీలో డేటా కదిలితే ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్ కాసేపు సున్నా కాదు, ఒకటి కాదు, మధ్యలో వేలాడొచ్చు. దాన్ని మెటాస్టబిలిటీ అంటారు. బటన్ లాంటి బయటి సిగ్నల్ మన క్లాక్ చూసుకుని రాదు కదా, అందుకే దాన్ని వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపి లోపలికి తెచ్చుకుంటారు.

ఒక లెక్క చేద్దాం. మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ క్లాక్ తగిలాక అవుట్‌పుట్ ఇవ్వడానికి 2 నానోసెకన్లు. మధ్యలో ఉన్న గేట్లకి 5. రెండో ఫ్లిప్‌ఫ్లాప్ సెటప్ టైమ్ 1. మొత్తం 8 నానోసెకన్లు. క్లాక్ పీరియడ్ ఇంతకంటే తక్కువ ఉండకూడదు. అంటే గరిష్ఠంగా 125 మెగాహెర్ట్జ్. మధ్యలో ఇంకో 2 నానోసెకన్ల గేట్ చేరిస్తే మొత్తం 10, స్పీడు 100 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది. గేట్ల డిలే చిప్ వేగాన్ని ఎలా కట్టేస్తుందో ఈ చిన్న కూడికే చూపిస్తుంది.

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్న. క్లాక్ స్పీడు తగ్గిస్తే సెటప్ వయొలేషన్ పోతుందా? పోతుంది, టైమ్ ఎక్కువ దొరుకుతుంది కాబట్టి. మరి హోల్డ్ వయొలేషన్? పోదు. బొమ్మ గీసి చూడండి. హోల్డ్ సమస్య ఒకే ఎడ్జ్ దగ్గర జరుగుతుంది. కొత్త డేటా మరీ తొందరగా వచ్చి, రెండో ఫ్లిప్‌ఫ్లాప్ పాతదాన్ని పట్టుకునేలోపే చెరిపేస్తుంది. తర్వాతి ఎడ్జ్ ఎంత దూరంలో ఉందన్నది అసలు ఆ లెక్కలోకే రాదు. అందుకే మామూలుగా ఆ దారిలో బఫర్లు పెట్టి డేటాని కొంచెం ఆలస్యం చేస్తారు. చిప్ తయారై వచ్చాక సెటప్ తప్పు బయటపడితే స్పీడు తగ్గించి అయినా వాడుకోవచ్చు. హోల్డ్ తప్పుకి ఆ దారి కూడా లేదు. బట్టీ పట్టినవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. బొమ్మ గీసినవాళ్ళు ఆగరు.

ప్రాక్టీస్ చేయడానికి ల్యాబే అక్కర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో వేవ్‌డ్రామ్ ఎడిటర్ ఓపెన్ చేస్తే అక్షరాలు, చుక్కలు టైప్ చేస్తేనే టైమింగ్ డయాగ్రమ్ గీసి ఇస్తుంది. వెరిలాగ్ నేర్చుకుంటుంటే ఈడీఏ ప్లేగ్రౌండ్‌లో కోడ్ రన్ చేసి ఈపీవేవ్‌లో వేవ్‌ఫామ్ చూడొచ్చు. ఆర్డ్యునో వైపు అయితే వోక్వీ సిమ్యులేటర్‌లో లాజిక్ అనలైజర్ కూడా ఉంది. నిజం బోర్డు ఉంటే, చిన్న 24 మెగాహెర్ట్జ్ లాజిక్ అనలైజర్, దానికి పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. రిమోట్, డీహెచ్‌టీ 11 లాంటివి హాయిగా కనిపిస్తాయి. కానీ ఒకటి. 24 మెగాహెర్ట్జ్ అంటే సుమారు 42 నానోసెకన్లకి ఒకసారి చూడటం. మన 10 నానోసెకన్ల గ్లిచ్ ఆ సందులోంచి తప్పించుకుపోవచ్చు. అనలైజర్‌లో కనపడలేదంటే గ్లిచ్ లేదని కాదు.

వెళ్ళేముందు హోంవర్క్. మొదట్లో గీసిన సర్క్యూట్‌లో యాండ్ గేట్ తీసేసి ఆర్ గేట్ పెట్టండి. ట్రూత్ టేబుల్ ప్రకారం అవుట్‌పుట్ ఎప్పుడూ ఒకటే ఉండాలి. మరి గ్లిచ్ వస్తుందా? వస్తే ఏ పైకి లేచినప్పుడా, కిందికి దిగినప్పుడా? నాట్ గేట్ డిలే అదే 10 నానోసెకన్లు. ఊహించి రాయొద్దు. మూడు వరుసలు గీసి, మీ బొమ్మ చూసి సమాధానం కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఐ టూ సీ బస్ గీద్దాం. రెండే వైర్ల మీద అన్ని చిప్‌లు గొడవ పడకుండా ఎలా మాట్లాడుకుంటాయో చూద్దాం.